దానంతటదే పగలదు

భూకంపం వచ్చి భూగోళం రెండు చెక్కలైతే, దాన్ని అతికించగల మొనగాడు ప్రపంచం మొత్తానికి ఒక్కడే. ఆయన మా తాతయ్య. పిలిస్తే వస్తాడు కూడా. చంకలో బంక డబ్బా పెట్టుకుని వచ్చి, పగులులో గోరు పెట్టి చూసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దేవుణ్ణి నిలదీస్తాడు.

“దీని మీద ఎవరు కూర్చున్నారు? నిజం చెప్పు.”

“దానంతటదే పగిలిందయ్యా” అని దేవుడు అన్నాడో, పని అయిపోయినట్టే. తాతయ్య బంక డబ్బా మూత బిగించి ఇంటికొచ్చేస్తాడు. భూమి అలా రెండు చెక్కలుగా పడి ఉండాల్సిందే.

మా తాతయ్యకున్న జబ్బు ఇదొక్కటే. విరిగిన వస్తువు తెచ్చినవాళ్ళు అది ఎలా విరిగిందో ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంటే గానీ ఉలి ముట్టడు. పోలీస్ స్టేషన్లో నేరం ఒప్పుకోని ఘనులు కూడా మా దుకాణంలో అరగంటలో ఒప్పేసుకుంటారు. తాతయ్య కొట్టడు, తిట్టడు. అంటే, తిడతాడనుకోండి. కానీ తిట్టే ముందు ఆ చెక్క తరఫున అంత బాధపడతాడు, విన్నవాళ్ళకి తాము కుర్చీ కాలు కాదు, కుర్చీ కుటుంబాన్నే పొట్టన పెట్టుకున్నామనిపిస్తుంది.

నేను ఆయన కూతురి కూతుర్ని. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా అందులో కొత్త సంగతులేవీ కనిపించకపోయేసరికి మానేసి, తాతయ్య దగ్గర బంక కాచే పనిలో కుదురుకున్నాను. మా దుకాణంలో చదువుకున్నవాళ్ళంటే నేనే. చీటీ రాయాలన్నా, ఉత్తరం చదవాలన్నా నన్నే పిలుస్తాడు.

మరో చిన్న సంగతి. ఈ కథ జరిగిన రోజుల్లో, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి మేం వేసే స్టూలు కాలు విరిగి మేకుకి వేలాడుతోంది. అది దానంతటదే విరిగింది. కథకి దాంతో పెద్దగా పని లేదు, ఊరికే చెప్పాను.

తాతయ్య విచారణ ఎలా ఉంటుందో తెలియాలంటే టీచరమ్మ కుర్చీ సంగతి వినాలి. టీచరమ్మ ఎదురింట్లో ఉంటుంది. పిల్లలచేత అబద్ధం ఆడకూడదని వందసార్లు రాయిస్తుంది. అలాంటావిడ ఓ పొద్దున కుర్చీ పట్టుకొచ్చి, “పాతదైపోయిందండీ, దానంతటదే విరిగింది” అంది.

తాతయ్య కుర్చీని తిరగేశాడు. “పాతదా? నువ్వు పుట్టకముందు చేసిన కుర్చీలు రాజాల్లా ఉన్నాయి. దీని మీద నిలబడ్డావా లేదా?”

“అయ్యో, నేనెందుకు నిలబడతానండీ?”

“ఇదిగో, మడమ ముద్ర. ఇదిగో, బొటనవేలు. కూర్చునేవాళ్ళకి మడమలు ఇక్కడుంటాయా అమ్మా? మీ బళ్ళో మనుషుల బొమ్మ అలా గీయిస్తారా?”

టీచరమ్మ తలొంచుకుంది. అటక మీది డబ్బాలు అందక రోజూ కుర్చీ ఎక్కుతోందట. తాతయ్య అరగంటసేపు కుర్చీ గౌరవమర్యాదల గురించి ఉపన్యాసం ఇచ్చాడు. మర్నాడు కుర్చీతో పాటు రెండు మెట్ల చిన్న పీట ఒకటి పంపించాడు. ఆవిడ పొంగిపోయి, “నా కోసం చేశారా?” అనడిగితే కస్సుమన్నాడు. “నీ కోసం కాదు, కుర్చీ కోసం! ఇకనైనా దాన్ని బతకనీ.”

కొత్తగా పెళ్ళైన జంట మంచం కోడు విరగ్గొట్టుకొచ్చిన రోజు మాత్రం అమ్మమ్మ విచారణకి అడ్డుపడింది. తాతయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, “ఊఁ, ఎలా విరిగింది?” అన్నాడో లేదో, లోపల్నించి గావుకేక.

“ఏవండీ! బంక మాడిపోతోంది!”

“మనవరాలు చూస్తుందిలేవే. ఏమ్మా, నిజం చెప్పు, భయపడకు.”

“మీకసలు బుద్ధుందా అండీ? అడగాల్సిన మాటేనా అది?”

ఇంతకీ బల్లిని చూసి ఇద్దరూ ఒకేసారి మంచం మీదికి గెంతారట. తాతయ్య మంచానికి అడ్డబద్ద ఒకటి అదనంగా వేసి, “మీ కోసం కాదు, మంచం కోసం. బల్లులు మళ్ళీ వస్తాయి” అన్నాడు. ఆ అమ్మాయి ఇప్పటికీ మా వీధిలో తల ఎత్తి నడవదు.

ఇక అసలు కథ. ఓ సోమవారం పొద్దున బ్యాంకు గార్డు వచ్చాడు. బ్యాంకు గుమ్మం ముందు మీసాలు మెలేసుకుని, తుపాకీ పట్టుకుని నిలబడే పెద్దమనిషి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. అలాంటివాడు గోనెసంచీలో ఏదో చుట్టుకుని, పసిబిడ్డని ఆసుపత్రికి తెచ్చినట్టు తెచ్చాడు. విప్పితే తుపాకీ కొయ్య. గొట్టం, మీట, మిగతా ఇనుమంతా బ్యాంకులోనే తాళం వేసి, చెక్క భాగం మాత్రం ఊడదీసి తెచ్చాడు. భుజానికి ఆనించే మడమ, చేత్తో పట్టుకునే సన్నటి మెడ, గొట్టం పడుకునే గాడి, అన్నీ ఒకే చెక్కలో చెక్కిన పాతకాలం పని. ఆ మెడ దగ్గర నిలువునా జానెడు పగులు.

స్టూలు లేదు కాబట్టి గార్డుకి మేకుల పెట్టె చూపించాను. అది మోకాలెత్తు కూడా ఉండదు. ఆయన దాని మీద కూలబడ్డాడు.

“చిన్న పగులేనండీ మేస్త్రీ గారూ. గురువారం మా ఆఫీసరు తనిఖీకొస్తున్నాడు. ఈలోపు అయిపోతే చాలు.”

“చిన్నదో పెద్దదో నేను చెబుతా. ఎలా పగిలింది?”

నేను తాతయ్య వెనక నిలబడి కళ్ళతో, కనుబొమలతో, బంక గరిటెతో కూడా సైగ చేశాను. అనొద్దు బాబాయ్, ఆ ఒక్క మాట అనొద్దు!

“ఏముందండీ, దానంతటదే పగిలింది” అన్నాడు గార్డు.

తాతయ్య కొయ్యని రెండు చేతుల మీదా ఎత్తి వీధికి చూపించాడు. “విన్నారా? దానంతటదే పగిలిందట! పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, తోచక, ఇవాళ కాస్త పగులుదామా అనుకుని పగిలిందట!”

“విన్నాం లెండి” అంది లోపల్నించి అమ్మమ్మ. “వీధి చివర చెవిటాయన కూడా విని కిటికీ మూసుకున్నాడు.”

“అంటే, జారి కింద పడిందండీ” అని గార్డు మాట మార్చాడు.

“పడితే అంచు సొట్టపోవాలి. ఏదీ సొట్ట?”

గార్డు మీసం దువ్వుకున్నాడు. “నిజం చెప్పాలంటే, దొంగ వచ్చాడండీ. దీంతో ఒక్కటిచ్చాను.”

“దొంగా? బ్యాంకులో దొంగ పడితే ఊళ్ళో ఎవరికీ తెలియలేదా?”

“చిన్న దొంగండీ.”

“చిన్న దొంగ!” తాతయ్య ముక్కుపుటాలు అదిరాయి. “ఒరే నాయనా, పక్కనుంచి కొడితే పగులు అడ్డంగా వస్తుంది. ఇది పైనుంచి బరువు పడి నిలువునా చీలింది. పైగా ఇది నిన్నటి పగులు కాదు. లోపల చూడు. సగం నల్లగా ఉంది, సగం తెల్లగా ఉంది. నల్లది ఏడాదిగా నూనె, మట్టి తాగిన పగులు. తెల్లదే నిన్నటిది. ఏడాది పాటు రోజూ కొంచెం కొంచెం చంపావు దీన్ని. మడమ చూడు, ఒక పక్కే అరిగిపోయింది. ఏం చేశావు? గోతులు తవ్వావా? పిండి దంచావా?”

గార్డు గోనెసంచీ మడతపెట్టడం మొదలుపెట్టాడు.

“చెప్పవు కదూ? తీసుకెళ్ళు. నిజం చెప్పనివాడి చెక్క నేను ముట్టను. పగులు ఎందుకొచ్చిందో తెలియకుండా అతికించడమంటే, జ్వరం ఎందుకొచ్చిందో అడక్కుండా దుప్పటి కప్పడం!”

గార్డు కొయ్య అందుకుని లేవబోయాడు. లేవలేకపోయాడు. ఒక చెయ్యి పెట్టె మీద ఆన్చి ఒకసారి, ఊపిరి బిగబట్టి రెండోసారి. ముఖం ఎర్రబడింది. మూడోసారి ఆయన ప్రమేయం లేకుండానే చేతులు అలవాటైన పని చేసేశాయి. కొయ్య మడమని నేలకి ఆన్చి, మెడ పట్టుకుని, ఒళ్ళు బరువంతా దాని మీద వేసి లేచాడు.

కొయ్య ‘టిక్’ మంది.

గార్డు తన చేతుల వంక చూసుకున్నాడు. తాతయ్య గార్డు మోకాలి వంక చూశాడు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏడాది దాటిందండీ.” గార్డు మోకాలు నిమురుకున్నాడు. “పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. చేతికర్ర పట్టుకుంటే మోకాలు పోయిందని తెలిసిపోతుంది. తెలిస్తే ఇంటికి పంపించేస్తారు. ఇంకో పద్నాలుగు నెలలు నిలబడగలిగితే పింఛను వస్తుంది. ఇప్పుడు పంపేస్తే ఏమీ రాదు.”

జేబులోంచి ఓ కాగితం తీసి నా చేతికిచ్చాడు. ఆఫీసువాళ్ళ మరమ్మతు కాగితం. అందులో ఒక గడి ఉంది. ‘పగులుకు కారణం: మరమ్మతు చేసినవారు స్వయంగా చెప్పి సంతకం చేయవలెను.’

నేను గట్టిగా చదివాను. చదివాక ఎందుకు చదివానా అనిపించింది. అరవై ఏళ్ళుగా కారణం అడిగి ఊరందరి పీకల మీద కూర్చున్న మనిషిని, సర్కారు మొదటిసారి కారణం అడుగుతోంది! అందులోనూ అబద్ధమంటే ఒళ్ళంతా కంపరమెత్తే మనిషిని!

“బుద్ధుందా నీకు?” తాతయ్య గార్డు మీద విరుచుకుపడ్డాడు. “ఇంతింత మీసాలున్నాయి, ఇంత ఇంగితం లేదా? ఇది నిన్ను మొయ్యడానికి పుట్టిందా? అది నీ భుజమ్మీద ఉండాలి గానీ, నువ్వు దాని భుజమ్మీద ఎక్కుతావా? గోడకి ఆనుకుని నిలబడు. నిటారుగా!”

గార్డు బిక్కచచ్చి నిలబడ్డాడు. తాతయ్య సుద్దముక్కతో గోడ మీద ఆయన నడుము దగ్గర ఒక గీత, మోకాలి దగ్గర ఒక గీత గీశాడు.

“ఇదెందుకు తాతయ్యా?”

“తుపాకీ కొలత.”

“తుపాకీకి మోకాలుంటుందా?”

“నీకు బుర్ర ఉందా? బంక కాచు.”

ఆ మూడు రోజులూ తాతయ్య కొయ్యతో మాట్లాడుతూనే పని చేశాడు. పగులులో నూనె ఉంటే బంక పట్టదు కదా, అందుకని ముందు సుద్దపొడి తడిపి పట్టించి, ఎండలో పెట్టి, నల్లటి నూనెంతా పీల్పించాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. “ఏడాదిగా దిగమింగుకున్నావు, కక్కెయ్ తల్లీ” అంటూ. తర్వాత పగులుని సన్నటి వెదురు పుల్లతో వెంట్రుకవాసి తెరిచి, పాత బ్లేడు అంచుతో బంక లోపలికంటా తోసి, సైకిల్ ట్యూబు చీలికలతో మెడంతా బిగించి చుట్టాడు. ఒక రాత్రీ ఒక పగలూ ఎవర్నీ దాని దరిదాపులకి రానివ్వలేదు. నేను తుమ్మినా, “మెల్లగా!” అన్నాడు. కట్టు విప్పాక పగులుకి అడ్డంగా బరమాతో సన్నటి బెజ్జం వేసి, అదే రంగు చెక్కతో చేసిన సీల దించి, ఉప్పుకాగితం పట్టి, అవిసె నూనె రుద్దాడు. వేలితో తడిమినా పగులు ఎక్కడుందో తెలియలేదు.

మధ్యమధ్యలో పెరట్లోకెళ్ళి గోనెపట్టా కింద ఇంకేదో చెక్కేవాడు. నేను తొంగి చూడబోతే, “ముందు స్టూలు ఎలా విరిగిందో చెప్పు, అప్పుడు చూపిస్తా” అనేవాడు. దానంతటదే విరిగిందన్నాను. నాకు గోనెపట్టానే కనిపించింది.

“ఇంతకీ కాగితంలో ఏం రాయిస్తారు?” అని బుధవారం అమ్మమ్మ అడిగింది.

“ఉన్నది రాయిస్తాను.”

“రాయించండి. ఆ గార్డు ఇంటికెళ్ళిపోతాడు. చెక్క మాత్రం చల్లగా ఉంటుంది.” కూరగాయలు అవసరం కన్నా గట్టిగా తరిగింది. తాతయ్య ఆ పూట ఒక్క మాట మాట్లాడలేదు. మా ఇంట్లో అది భూకంపం కన్నా పెద్ద సంగతి.

గురువారం పొద్దున గార్డు కన్నా ముందు ఆఫీసరే దుకాణానికి వచ్చేశాడు. బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. మొహమేమో ఇస్త్రీ చేసిన చొక్కాలా ఒక్క ముడత కూడా పడకుండా ఉంది. వెనకాలే గార్డు, ఉరికంబం ఎక్కబోయేవాడిలా.

ఆఫీసరు కొయ్యని అటూ ఇటూ తిప్పాడు. పగులు కనిపించలేదు. అది ఆయనకి నచ్చలేదు.

“పెద్దాయనా, సూటిగా అడుగుతున్నాను. ఈ గార్డు తుపాకీని చేతికర్రలా వాడుతున్నాడని నాకు కబురందింది. కొయ్య చూసి పగులు చరిత్రంతా చెబుతావట కదా, ఊరంతా అంటున్నారు. నీ మాటే రాసుకుంటాను. ఎలా పగిలింది?”

నేను కలం పట్టుకుని కూర్చున్నాను. లోపల కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. గార్డు కళ్ళు మూసుకున్నాడు.

తాతయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. గొంతు సవరించుకున్నాడు. మేకుకి వేలాడుతున్న స్టూలు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. తర్వాత, చేదు మందు మింగినవాడిలా అన్నాడు.

“దానంతటదే పగిలింది.”

నా చేతిలో కలం జారిపోయింది. లోపల ఏదో గిన్నె కింద పడింది. అది మాత్రం నిజంగా దానంతటదే పడి ఉండదు.

“అదెలా కుదురుతుంది?” అన్నాడు ఆఫీసరు.

అంతే. మూడు రోజులుగా గొంతులో అడ్డం పడిన కోపమంతా తాతయ్యకి దారి దొరికింది. “ఎలా కుదురుతుందా? నన్నడుగుతున్నారా? దీనికి నూనె రాసి ఎన్నేళ్ళయిందండీ? బూట్లకి రోజూ రాసుకుంటున్నారు కదా, దీనికి ఏడాదికొక చుక్కకి గతి లేదా? పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గుమ్మంలో ఎండకి ఒక పక్క, లోపలి చల్లగాలికి ఒక పక్క నిలబెట్టారు. నిలబెడితే నిలబెట్టారు, కాసేపు కూర్చోబెట్టారా?”

“ఏమిటీ, తుపాకీనా?”

“కాదు, మిమ్మల్ని! తుపాకీనే! నిలువుగా ఉన్న కొయ్యకి బరువంతా మెడ మీద పడదూ? రాయవే పిల్లా, కాగితంలో రాయి. ఈ కొయ్య గంటకు మించి నిలువుగా ఉండరాదు. గంటకోసారి కాసేపు ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టాలి. ఒళ్ళో పడుకోబెట్టాలంటే మనిషి కూర్చోవాలి. మనిషి కూర్చోవాలంటే ఆసనం ఉండాలి. రాశావా?”

“ఆసనం దాకా వచ్చాను తాతయ్యా.”

“ఇది తుపాకీయా, చంటిపిల్లా?” అన్నాడు ఆఫీసరు.

“చంటిపిల్లైతే ఏడ్చి చెప్పుకుంటుందండీ. ఇది పగిలి చెప్పుకుంది.”

తాతయ్య పెరట్లోకెళ్ళి గోనెపట్టా లాగేసి, లోపలున్నదాన్ని మోసుకొచ్చాడు. నడుమెత్తు బల్ల. కూర్చుంటే మోకాలు వంచక్కర్లేదు, లేచేటప్పుడు పట్టుకోవడానికి రెండు పక్కలా గట్టి చేతులు, కాళ్ళు ఆన్చుకోవడానికి కింద ఒక బద్ద. గోడ మీద సుద్ద గీతలకి అంగుళం తేడా లేకుండా సరిపోయింది. గార్డు దాని మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. మీసాల కింద పళ్ళు కనిపించాయి. ఆయనకి అన్ని పళ్ళున్నాయని మాకు అప్పటిదాకా తెలియదు.

ఆఫీసరు బల్ల చూశాడు, గోడ మీది గీతలు చూశాడు, గార్డు మోకాలు చూశాడు. ఇస్త్రీ మొహం మీద చిన్న ముడత పడింది. “తుపాకీ కోసమే కదా?” అన్నాడు.

“మరి మనిషి కోసం అనుకున్నారా?” అని గయ్యిమన్నాడు తాతయ్య. “మనుషుల కోసం నేనెందుకు చేస్తాను!”

కాగితం మీద తాతయ్య సంతకం కింద ఆఫీసరు కూడా సంతకం పెట్టాడు.

వాళ్ళు వెళ్ళాక అమ్మమ్మ అడక్కుండానే రెండు గ్లాసుల టీ తెచ్చి తాతయ్య ముందు పెట్టింది. రెండూ ఆయనకే. ఆయన ఒకటి తాగి, రెండోదానిలో ఈగ పడిందని ఈగ మీద అరిచాడు.

ఇప్పటికీ గార్డు ఆ బల్ల మీదే కూర్చుంటాడు, తుపాకీని ఒళ్ళో జోకొడుతూ. ఇదంతా రాసి, నిన్న తాతయ్యకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. ఇదే అదననుకుని అన్నాను. “చూశావా తాతయ్యా, స్టూలు విరగబట్టే కదా గార్డు పెట్టె మీద కూర్చున్నాడు, పెట్టె మీద కూర్చోబట్టే కదా నిజం బయటపడింది? పైగా వస్తువులు వాటంతటవే పగులుతాయని నువ్వే ఒప్పుకున్నావు.”

తాతయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.

“జన్మకి ఒక్క అబద్ధం ఆడాను, అదీ ఒకడి మోకాలి కోసం. నీ మోకాళ్ళు దివ్యంగా ఉన్నాయి. స్టూలు ఎలా విరిగిందో చెప్పు.”